మెదడు శాస్త్రం పేరుతో ఆఫీసు ట్రైనింగులు: పనికొస్తాయా, దండగా?

గచ్చిబౌలి టెస్టర్:
పోయిన వారం మా ఆఫీసులో రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు, మెదడు శాస్త్రంతో పనితీరు పెంచుకోవడం గురించి. మొదటి రోజు ఒక ఫారం నింపించుకుని నన్ను ‘విజువల్ లెర్నర్’ అని తేల్చి, ఐడీ కార్డు మీద నీలం స్టిక్కర్ అంటించారు. పక్క సీటతనికి పసుపు. అంటే అతను వింటేనే నేర్చుకుంటాడట. రెండో రోజంతా డోపమైన్ అనే మెదడు రసాయనం గురించే. మెదడు బొమ్మ లేని స్లైడ్ ఒక్కటీ లేదు. ఇందులో సైన్స్ ఎంత, షో ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ లెక్చరర్:
సైకాలజీ చెప్పి రిటైరైనవాణ్ని, పోస్టు కాస్త పొడుగవుతుంది. ఆ స్టిక్కర్లు శుద్ధ దండగ బాబూ. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు కలిసి ఈ ‘లెర్నింగ్ స్టైల్స్’ మీద వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టారు. ఎవరి స్టైల్‌లో వాళ్లకు చెబితే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం దొరకలేదు. బొమ్మలు చూడటం ఒకరికి ఇష్టం కావచ్చు, కాదనను. కానీ మృదంగం నేర్చుకోవాలంటే ఎవరైనా వినాల్సిందే, మ్యాపు చదవాలంటే ఎవరైనా చూడాల్సిందే.

స్లైడ్ల నిండా మెదడు ఎందుకంటారా? అదే ఏడాది యేల్ విశ్వవిద్యాలయంలో డీనా వైస్‌బర్గ్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. ఒకే వివరణను ఒకసారి మామూలుగా, ఇంకోసారి విషయంతో సంబంధం లేని మెదడు కబురు ఒక ముక్క కలిపి చూపించారు. ఆ ముక్క కలిస్తే చాలు, డొల్ల వివరణ కూడా జనానికి నయమనిపించింది. న్యూరోసైన్స్ కోర్సు చదువుతున్న విద్యార్థులూ బోల్తా పడ్డారు. నిపుణులు మాత్రం పడలేదు.

సుజాత:
నేను ఒక కంపెనీలో ట్రైనింగ్ విభాగంలోనే ఉన్నాను. తిట్లు తినేది మేమే కాబట్టి నా మాట కూడా వినండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు విద్యార్థుల చేత రెండు పాఠాలు చదివించారు. ఒకదాన్ని మళ్లీ చదవమన్నారు, రెండోదాన్ని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివిన పాఠానిదే పైచేయి, 81 శాతం గుర్తుంది. రాసినది 75. వారం ఆగి పెడితే తలకిందులు: చదివినది 42, రాసినది 56.

మా ట్రైనింగుల్లో ఫీడ్‌బ్యాక్ ఫారం తీసుకునేది ఆ ఐదో నిమిషంలోనే. అందుకే అందరూ ‘ఎక్సలెంట్’ టిక్ పెట్టి వెళ్తారు. ఇప్పుడు మేం రోజంతా సాగే సెషన్‌ను గంటన్నర ముక్కలుగా విడగొట్టి, మధ్యలో రెండు మూడు రోజులకోసారి మూడేసి ప్రశ్నలు పంపుతున్నాం. ‘టెస్టులు’ అని రాస్తే బడ్జెట్ రాలేదు. ‘బ్రెయిన్ బేస్డ్’ అని మార్చి పంపితే మర్నాడే సంతకం అయింది.

గచ్చిబౌలి టెస్టర్:
పాత సరుకుకి కొత్త లేబుల్ అన్నమాట. మోసం కాదా మేడమ్?

సుజాత:
సరుకు మంచిదైతే లేబుల్‌తో నాకు పేచీ లేదండీ.

రిటైర్డ్ లెక్చరర్:
నాకుందమ్మా. ఆ లేబుల్ చూసి మీకు సంతకం పెట్టినాయనే రేపు నీలం స్టిక్కర్లవాడికీ పెడతాడు.

బే ఏరియా వెంకట్:
డోపమైన్‌ని అలా తీసిపారేయకండి. వుల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పని గట్టిది. మొదట్లో పళ్లరసం చుక్క పడగానే డోపమైన్ కణాలు చెలరేగేవి. రసానికి ముందు ఒక గుర్తు వస్తుందని కోతికి అలవాటయ్యాక ఆ గుర్తుకే చెలరేగాయి, రసానికి కాదు. గుర్తు వచ్చి రసం రాకపోతే ఆ క్షణంలో మామూలు స్థాయి కన్నా కిందికి పడ్డాయి. అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా లెక్క అది. ఏటా వచ్చే బోనస్ ఎవరినీ గెంతించదు, తగ్గితే మాత్రం అందరి మొహాలూ వాడిపోతాయి. ఎందుకో మీకే అర్థమవుతుంది.

రిటైర్డ్ లెక్చరర్:
కోతి నాలుక మీద రసం చుక్క నుంచి మీ అప్రైజల్ దాకా చాలా దూరం ఉంది వెంకట్ గారూ. బోనస్ తగ్గితే మొహం వాడుతుందని చెప్పడానికి డోపమైన్ దేనికి? 1971లో ఎడ్వర్డ్ డీసీ పజిళ్లు విప్పే విద్యార్థులకు డబ్బిచ్చి, తర్వాత ఆపేశాడు. అంతకుముందు ఊరికే సరదాగా చేసిన పని మీద కూడా వాళ్లకు ఆసక్తి తగ్గింది. లీడర్‌బోర్డులూ బ్యాడ్జీలూ పెట్టే హెచ్ఆర్‌లు చూడాల్సింది దీన్ని. ఆ ప్రయోగంలో ఎవరి మెదడూ స్కాన్ చేయలేదు.

పద్యప్రియ:
ఏకాగ్రత సంగతి ఎవరూ ఎత్తలేదేం? అష్టావధానంలో ఎనిమిది మందిని ఒకేసారి సంభాళించడం లేదా? సాధన చేస్తే మల్టీటాస్కింగ్ వస్తుంది.

రిటైర్డ్ లెక్చరర్:
ఒకేసారి కాదండీ, ఒకరి తర్వాత ఒకరిని. ప్రశ్నలడిగే పృచ్ఛకుల వరస చాలావరకు ముందే ఖాయం. పైగా ఆ పట్టు ఛందస్సులో ఏళ్ల తరబడి మునిగినందువల్ల వచ్చినది, అవధాని గారికి ఎక్సెల్ ఇస్తే అక్కరకు రాదు. లండన్ టాక్సీ డ్రైవర్ల మీద ఎలినార్ మెగ్వైర్ బృందం చేసిన పరిశోధన చూడండి. వీధులన్నీ కంఠతా పట్టి పరీక్ష పాసైనవాళ్ల మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ వెనక భాగం పెరిగిందని 2011లో చూపించారు. అదే డ్రైవర్లు బొమ్మను గుర్తుపెట్టుకుని గీసే ఇంకో పరీక్షలో పాసవనివాళ్ల కన్నా వెనకబడ్డారు. ఒక దాంట్లో సాధన చేస్తే మొత్తం మెదడు పదునెక్కుతుందనేది అమ్ముకునేవాళ్ల మాట. అలా చెప్పుకున్నందుకే 2016లో మెదడు ఆటల యాప్ లూమోసిటీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 20 లక్షల డాలర్లు కట్టింది.

ఇక అవధానంలో మధ్యమధ్య మాటలతో అడ్డుపడే అప్రస్తుత ప్రసంగి ఒక్కడే. ఆఫీసులో ఒక్కడు కాదు, చాట్‌లో ఉన్న ప్రతివాడూ!

నైట్ షిఫ్ట్ నాని:
మాది యూఎస్ ప్రాసెస్. సాయంత్రం ఆరున్నరకి మొదలై తెల్లవారుజామున మూడున్నరకి అవుతుంది. మొన్న ‘బ్రెయిన్ పవర్’ ట్రైనింగ్ ఎప్పుడు పెట్టారో తెలుసా? పొద్దున తొమ్మిదింటికి. క్యాబ్ దిగి రెండు గంటలు కునుకు తీసి మళ్లీ క్యాబ్ ఎక్కాం.

ఇక్కడ ఇంతమంది ఇన్ని పరిశోధనలు చెప్పారు, నిద్ర మాట ఒక్కరూ ఎత్తలేదు. నేర్చుకున్నాక పడుకుంటే మరుపు తగ్గుతుందని 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ చూపించారు. 17 నుంచి 19 గంటలు మేల్కొని ఉన్నవాళ్లు కొన్ని పరీక్షల్లో రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లంత, ఒక్కోసారి అంతకన్నా అధ్వానంగా చేశారని 2000లో ఇంకో పరిశోధన వచ్చింది. మన దేశంలో 0.03 దాటితే చాలు, డ్రంకెన్ డ్రైవ్ కేసు. ఆ స్థితిలో నన్ను కూర్చోబెట్టి ఫోకస్ గురించి చెబుతారా? షిఫ్ట్ మార్చాలంటే డబ్బవుతుంది, స్టిక్కర్‌కి కాదు.

సుజాత:
నాని గారూ, షిఫ్టులు క్లయింట్ చేతిలో ఉంటాయి, మా చేతిలో లేవు. ట్రైనింగ్ టైమ్ మాత్రం మేమే వేస్తాం. ఎప్పుడైతే బాగుంటుంది?

నైట్ షిఫ్ట్ నాని:
షిఫ్ట్ మొదలవగానే, మొదటి గంటలో పెట్టండి మేడమ్. కానీ ఆ గంట బిల్లింగ్ పోతుందని మీ డెలివరీ మేనేజరే అడ్డం పడతాడు. అడిగి చూసి ఇక్కడే చెప్పండి.