తల్లిని చూపించనంటున్నాడు, పేపర్లు మాత్రం ఉన్నాయంటున్నాడు: కొనొచ్చా?

లంకలో కొబ్బరి

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. మా అమ్మాయి రెండేళ్లుగా లాబ్రడార్ కుక్కపిల్ల కావాలని ప్రాణం తీస్తోంది. ఇన్నాళ్లకి సరే అన్నాను. ఆన్‌లైన్‌లో ఒకాయన దొరికాడు. పద్నాలుగు వేలు చెప్పి పన్నెండుకి దిగాడు. 45 రోజుల పిల్ల, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు ఉన్నాయి, మొదటి టీకా అయిపోయింది అన్నాడు. మీ ఇంటికొచ్చి తల్లిని కూడా చూస్తామండీ అంటే మాత్రం, "అంత దూరం మీకెందుకు శ్రమ, రావులపాలెం సెంటర్‌కి నేనే తెచ్చిస్తాను" అంటున్నాడు. తొందరపడి రెండు వేలు అడ్వాన్స్ పంపేశాను. మా బావమరిది వాడు దొంగంటాడు. నాకేమో పాపం నిజంగానే మన శ్రమ చూస్తున్నాడేమో అనిపిస్తోంది. మీరేమంటారు?

చెరువు గట్టు

మీ బావమరిది మాట వినండి. మాది భీమవరం దగ్గర, రొయ్యల సాగు. రొయ్య పిల్ల ధర పైసల్లో ఉంటుంది. అయినా హేచరీ నుంచి సీడ్ తేవాలంటే ముందు శాంపిల్ ల్యాబ్‌కి పంపి పీసీఆర్ (వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్ష) చేయిస్తాం. తెల్లమచ్చ వైరస్ లేదని కాగితం చేతికొచ్చాకే చెరువులో వదులుతాం. తల్లి రొయ్యలు ఎక్కడివో కూడా అడుగుతాం. మరి పన్నెండు వేలు పోసి, పన్నెండేళ్లు ఇంట్లో తిరిగేదాన్ని హైవే పక్కన అట్టపెట్టెలో అందుకుంటారా? తల్లిని చూపించనివాడి దగ్గర కొనొద్దు. ఇందులో చర్చేముంది?

తణుకు అత్తయ్య

చర్చ ఉందండీ. అంత తేలిగ్గా తేల్చేయకండి. నేనూ ఎవర్ని పడితే వాళ్లని లోపలికి రానివ్వను. మా లాబ్రడార్ ఇప్పటికి రెండుసార్లు పిల్లలు పెట్టింది. రెండోసారి తొమ్మిది. వాటికి మూడో వారం నడుస్తుండగా ఒకాయన కుటుంబంతో సహా దిగారు. పొద్దున్నుంచీ ఇంకో రెండు చోట్ల పిల్లల్ని చూసి వస్తున్నామని గొప్పగా చెప్పారు. చెప్పులు గేటు బయటే వదిలి కాళ్లూ చేతులూ కడుక్కోమంటే ఆవిడ ముఖం మాడ్చుకుంది. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్) చెప్పులకి అంటుకుని కూడా వస్తుందని ఎంతమందికి చెప్పను?

నా పద్ధతి ఇది. మొదటి నెలంతా వీడియో కాల్. అప్పటికప్పుడు అడిగినా తల్లినీ పిల్లల్నీ అవి పడుకునే చోటునీ చూపిస్తాను. ఆరు వారాలకి మొదటి టీకా వేయించి, ఇంకో వారం ఆగి ఇంటికి రమ్మంటాను. "ఇప్పుడు రావద్దు" వేరు, "అసలు రావద్దు" వేరు. లంకలో కొబ్బరి గారూ, మీవాడు వీటిలో ఏది అన్నాడో చూసుకోండి.

డ్యూటీ అయ్యాక

అత్తయ్య గారు చెప్పింది కరెక్ట్. కాకినాడలో ఒక పెట్ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు, పక్కనుండి సెలైన్ పెట్టేవాణ్ణి.

పోయిన నెల ఒకబ్బాయి పిల్లని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. గుమ్మంలోకి రాగానే వాసన తెలిసిపోయింది. పార్వో విరేచనాల వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు. అమ్మినవాడు 45 రోజులన్నాడట. నోరు తెరిచి చూస్తే ముందు పళ్లు ఇంకా చిగుళ్లలోంచి సగమే పొడుచుకొచ్చి ఉన్నాయి. ఐదు వారాలు కూడా నిండినట్టు లేదు. పాలు తాగే పిల్లని లాక్కొచ్చి అమ్మేశాడు. టీకా పుస్తకం ఉంది, అందులో తేదీ బాల్‌పెన్నుతో రాసి ఉంది, కింద ఏదో గీత. మందు సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబర్, డాక్టర్ ముద్ర ఏవీ లేవు. కొని మూడు రోజులే అయింది. పార్వో సోకాక బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. అంటే ఎక్కడ అంటుకుందో మీరే లెక్కేసుకోండి. నాలుగు రోజులు సెలైన్ మీద ఉంచాం. దక్కలేదు. పైగా ఆ వైరస్ నేలమీద నెలల తరబడి ఉండిపోతుంది. బ్లీచింగ్‌తో కడగకుండా ఇంకో పిల్లని తేవద్దని చెప్పి పంపాం.

అందుకే 45 రోజులన్న మాట వింటేనే నాకు టెన్షన్. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాల మీద నియమాలు తెచ్చింది. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లికి 18 నెలలు నిండాకే పిల్లలు, జీవితంలో 5 కాన్పులకు మించకూడదు. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. మన దగ్గర 45 రోజులు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, అదే శాస్త్రమన్నట్టు చెలామణి అవుతోంది.

చెరువు గట్టు

బాగా చెప్పారు. మరి కేసీఐ పేపర్ల సంగతి? అవి ఉంటే కొంత నమ్మొచ్చు కదా?

డ్యూటీ అయ్యాక

ఆ పేపరు గోత్రం లాంటిదండి. తాత ఎవరు, ముత్తాత ఎవరు అని చెబుతుంది. గోత్రం విని ఎవరికి షుగరుందో చెప్పగలమా? లాబ్‌లకీ జర్మన్ షెపర్డ్‌లకీ తుంటి కీలు సరిగ్గా అమరని జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. వాటికి రెండేళ్లు నిండాక తీసిన ఎక్స్‌రే ఉందా అని అడగాలి. నేను చూసినంతలో అడిగేవాళ్లూ తక్కువే, చూపించేవాళ్లూ తక్కువే. పేపరు మీద మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిప్) నంబరుంటే క్లినిక్‌లో స్కానర్ పెట్టించి సరిచూసుకోండి. ఒకదాని పేపరు ఇంకోదానికి అంటగట్టడం నా కళ్లతో చూశాను.

సందు చివర

ఇంత రాశారు గానీ ఒక్కరూ అసలు కొనడమెందుకు అనలేదు. మంచి బ్రీడరు, చెడ్డ బ్రీడరు అంటూ పంచాయితీ ఏమిటి? మీ సందులోనే కారు కింద నాలుగు పిల్లలు పడుకుని ఉంటాయి. తల్లి ఎదురుగానే ఉంటుంది, చూపించమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు. టీకాలు వేయించి తెచ్చుకోండి.

చెరువు గట్టు

కాపలాకైతే మీ మాటే నాదీను. గట్టు మీద లాబ్‌ని పెట్టి చూశాను. రొయ్యల దొంగ చేతిలో బన్ను చూసి తోకాడించింది. రోహిణి కార్తెలో కాలవలో పడుకుంటే బయటికి రాదు. ఇప్పుడు రెండు నాటు కుక్కలున్నాయి, అర్ధరాత్రి నేనెళ్లినా ముందు మొరిగి తర్వాతే పోల్చుకుంటాయి. కానీ ఈయన అడిగింది కాపలాకి కాదు. పాప లాబ్ కావాలంటే నాటు కుక్కని తెచ్చుకోమనడం, కాజా అడిగితే బెల్లంముక్క పెట్టినట్టుంటుంది.

సందు చివర

బెల్లానికేం తక్కువండీ!

తణుకు అత్తయ్య

సందు చివర గారి మీద నాకు కోపం లేదు, మా ఇంట్లో అలా వచ్చినదీ ఒకటుంది. నాకు అసలు మంట పెట్టేది వేరే. ఎదకొచ్చిన ప్రతిసారీ క్రాసింగ్ చేయించి, పిల్లలు అమ్ముడుపోయాక దాన్ని ఊరి బయట వదిలేసేవాళ్లున్నారు. రొమ్ములు నేలకి వేలాడుతూ, ఒళ్లంతా పిడుదులతో ఒక లాబ్ మా కాలవ గట్టున రెండు నెలలు తిరిగింది. దాని పిల్లలు ఎవరి ఇంట్లో సోఫాల మీద ఉన్నాయో. తల్లిని చూడమనేది పిల్ల రంగు కలిసిందో లేదో తేల్చుకోవడానికే కాదు. అది మనిషిని చూసి దగ్గరికొస్తోందా, మూలకి పోతోందా చూడాలి. ఎన్నో కాన్పు అని అడగాలి.

డ్యూటీ అయ్యాక

అత్తయ్య గారూ, ఏమీ అనుకోకపోతే ఒకటి. మీరు బోర్డులో నమోదు చేసుకున్నారా? నియమం ప్రకారం, ఇంట్లో ఒక్కదాన్నే పెంచినా పిల్లల్ని అమ్మితే బ్రీడర్ కిందే లెక్క.

తణుకు అత్తయ్య

చేసుకోలేదు. రెండు కాన్పులకి ఎవరు చేసుకుంటార్లే అనుకున్నాను. మొదటిసారి పిల్లల్ని 45 రోజులకే ఇచ్చేశాను కూడా. అందులో ఒకదాన్ని తీసుకున్నవాళ్లు "ఆడుకుంటూనే రక్తం వచ్చేలా కొరుకుతోందండీ" అని ఆరు నెలలు ఫోన్లు చేశారు. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది, తోబుట్టువుల మధ్య ఆ వయసులోనే అది నేర్చుకుంటుందని తర్వాత తెలిసింది. రెండోసారి తొమ్మిదింటినీ 60 రోజులు ఉంచాను. తిండి ఖర్చూ నట్టల మందూ టీకాలూ పోగా మిగిలింది ఏమీ లేదు. మీరు తప్పంటే తప్పే.

చెరువు గట్టు

నమోదు చేసుకున్నవాళ్లంతా ఇలా చూస్తారని గ్యారంటీ ఉందా? నాకు ఆవిడే నయం.

డ్యూటీ అయ్యాక

నయమే. కానీ అందరూ "నేను మంచిదాన్నే కదా" అంటే రావులపాలెం అట్టపెట్టెవాడు కూడా అదే అంటాడు. నేను ఒప్పుకోను.

లంకలో కొబ్బరి

అప్‌డేట్ అండి. నిన్న రాత్రి ఫోన్ చేసి, "తల్లిని వీడియో కాల్‌లో చూపించండి, ఇప్పుడే" అన్నాను. సిగ్నల్ లేదన్నాడు. పది నిమిషాలకి ఒక రికార్డు వీడియో పంపాడు. అందులో పిల్లలన్నీ నల్లవి. నాకు ఫొటోలో చూపించింది గోధుమరంగుది. వెనకాల ఎవరో హిందీలో మాట్లాడుతున్నారు. మాది మండపేట అన్న మనిషి ఇతనే! అదేంటని అడిగితే బ్లాక్ చేశాడు. రెండు వేలు గోదాట్లో కలిశాయి. మా బావమరిది ఇంకా ఏమీ అనలేదు, భోజనాల దగ్గర అంటాడు.

తణుకు అత్తయ్య గారూ, మీ దగ్గర మళ్లీ పిల్లలు ఎప్పుడుంటాయి?

తణుకు అత్తయ్య

ఈ ఏడాది లేవు, దానికి విశ్రాంతి. వచ్చే ఏడాది పెట్టిస్తే, అది కూడా ముందు నమోదు పని చూసుకున్నాకే. ఈలోగా చెప్పండి: పగలు ఇంట్లో ఎవరుంటారు? వరదొస్తే కుక్కని ఎక్కడికి తీసుకెళ్తారు? మేడ ఉందా? ఇంట్లో వద్దనేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఊరెళ్తే ఎవరికి అప్పజెబుతారు?

లంకలో కొబ్బరి

మా పెళ్లి చూపుల్లో కూడా మా మావగారు ఇన్ని అడగలేదండీ! పగలు మా అమ్మ ఉంటుంది. మేడ ఉంది. వద్దనేది నేనే, ఇప్పుడు మానేశాను.

తణుకు అత్తయ్య

ఆదివారం ఫోన్ చేయండి. గేటు ఫొటో ఒకటి పంపండి, కింద సందు ఎంతుందో చూడాలి.