ఫ్రాట్, ఫ్రటర్నిటీ, సొరోరిటీ: ఏ మాట ఎక్కడ చెల్లుతుంది?

నీలిమ_ఆస్టిన్: అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో ఫ్రటర్నిటీ (మగపిల్లల సంఘం), సొరోరిటీ (ఆడపిల్లల సంఘం) అని ఉంటాయి కదా, వాటిలో చేరడం గురించి డిగ్రీ చదివే పిల్లల నోట రష్, బిడ్, ప్లెడ్జ్, లైన్ అనే మాటలు వినబడుతుంటాయి. వీటి వరసేంటి? "ఫ్రాట్" అంటే తప్పా? తెలుగులో రాసేటప్పుడు "సోదర సంఘం" అనొచ్చా?

గ్రీకుఅక్షరం: సోదర సంఘం వద్దండీ. చదివినవాళ్లు కుల సంఘమో, సేవా సంఘమో అనుకుంటారు. ఫ్రటర్నిటీ అనే ఉంచండి. సొరోరిటీ అన్నది 1874లో సిరక్యూస్ యూనివర్సిటీలో మొదలైన గామా ఫై బేటా కోసం అక్కడి లాటిన్ ప్రొఫెసర్ సూచించిన మాట. అంతకు ముందే, 1870లో మొదలైన కాపా ఆల్ఫా థేటా ఇప్పటికీ కాగితాల మీద ఫ్రటర్నిటీయే. పేరు చూసి మగపిల్లలదనుకోకండి.

అన్నట్టు, మన ఫిజిక్స్ పుస్తకంలోని బీటా, థీటా అక్కడ బేటా, థేటా. Χ అక్షరాన్ని "కై" అనాలి, "చి" అనకూడదు.

రావు_న్యూజెర్సీ: "ఫ్రాట్" మన "ఏరా" లాంటిది. అయినవాళ్లంటే చనువు, బయటివాళ్లంటే అమర్యాద. తాగుడు, పార్టీల వాసన అంటుకుందని చాలా చాప్టర్లకు (ఒక్కో కాలేజీలోని శాఖలకు) ఆ మాట నచ్చదు. కానీ నల్లజాతి విద్యార్థుల "డివైన్ నైన్" సంఘాల్లో (వాటి కౌన్సిల్ 1930లో హోవర్డ్ యూనివర్సిటీలో ఏర్పడింది) సభ్యులు ఒకరినొకరు ప్రేమగా "ఫ్రాట్" అని, ఆడవాళ్లయితే "సొరోర్" అని పిలుచుకుంటారు. సభ్యులు కానివాళ్లు అలా పిలవకూడదు.

సుధ_కౌన్సెలింగ్: వరస ఇది. రష్ అంటే పరిచయాల వారం. ఆఫీసు భాషలో రిక్రూట్‌మెంట్, డివైన్ నైన్‌లో ఇన్‌టేక్. నచ్చితే ఇచ్చే ఆహ్వానం బిడ్. ఒప్పుకున్నాక ప్లెడ్జ్ (కొత్తగా చేరుతున్నవాళ్లు), ఇనిషియేషన్ అనే చేరిక వేడుక అయ్యాక యాక్టివ్ (పూర్తి సభ్యులు).

జాగ్రత్త పడాల్సింది బిడ్ దగ్గరే. పాన్‌హెల్లెనిక్ అనే ఉమ్మడి కౌన్సిల్‌లోని సొరోరిటీల రిక్రూట్‌మెంట్ చివర్లో అమ్మాయిలు ఒక ఒప్పందం మీద సంతకం చేస్తారు. ఆ తర్వాత వచ్చిన బిడ్ కాదంటే, అదే క్యాంపస్‌లో ఆ కౌన్సిల్‌కు చెందిన ఇంకో సొరోరిటీలో చేరడానికి వచ్చే ఏటి ప్రధాన రిక్రూట్‌మెంట్ దాకా ఆగాలి. చదవకుండా సంతకం పెట్టనివ్వకండి.

"ప్లెడ్జ్" బదులు ఇప్పుడు చాలాచోట్ల "న్యూ మెంబర్" అంటున్నారు. హేజింగ్ (కొత్తవాళ్లను ర్యాగింగ్ చేయడం) మరకే దానికి కారణం. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అనే ఫ్రటర్నిటీ 2014లో ఆ దశనే తీసేసింది. కానీ పేరు మారిస్తే పద్ధతి మారినట్టు కాదు. ఎన్ని వారాలు, సెమిస్టర్‌కు ఫీజెంత, ఆ చాప్టర్ మీద హేజింగ్ చర్యలేమైనా ఉన్నాయా అని కాలేజీ ఆఫీసులోనే అడగండి.

గ్రీకుఅక్షరం: "లైన్" గురించి ఎవరూ చెప్పలేదు. ఒకే విడతలో చేరేవాళ్ల బృందం అది, చేరిక పూర్తవడం "క్రాస్" అవడం. డివైన్ నైన్ నుంచి వచ్చిన ఈ మాటలు డెల్టా ఎప్సిలాన్ సై (1998, ఆస్టిన్) లాంటి దక్షిణాసియా ఫ్రటర్నిటీల్లోనూ వినిపిస్తాయి. మన పిల్లల నోట వచ్చేది అందుకే.

రావు_న్యూజెర్సీ: ఇంకొకటి. 1776 నాటి ఫై బేటా కాపా పేరూ గ్రీకు అక్షరాలే, కానీ ఇప్పుడది ఆనర్ సొసైటీ, అంటే చదువులో ముందున్నవాళ్ల సంఘం. మార్కుల్ని బట్టి పిలుస్తారు, రష్ ఉండదు. రెజ్యూమేలో దాన్ని ఫ్రటర్నిటీ కింద రాయకండి, ఆనర్స్ కింద రాయండి.