600 మీటర్ల పరుగుకు ఆగస్టులో 2.41, డిసెంబరులో 3.06: పాప నీరసపడిందా, మా పరీక్షే తప్పిందా?

పాకాల పీఈటీ:

పాకాలకు దగ్గరలో ఒక ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకమైన ఖేలో ఇండియా పద్ధతిలో మా బడిలో ఏటా రెండుసార్లు పిల్లల దేహదారుఢ్యం పరీక్షిస్తాం. ఎత్తు, బరువు చూస్తాం. 50 మీటర్లు, 600 మీటర్లు పరుగెత్తిస్తాం. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగమంటాం. కర్ల్-అప్‌లు, పుష్-అప్‌లు లెక్కపెడతాం. ఆ అంకెలు పిల్లల కార్డుల్లోకి ఎక్కుతాయి.

ఎనిమిదో తరగతిలో ఒక పాప ఉంది. ఖోఖోలో ఆమెను ముట్టుకోవడం పదో తరగతి వాళ్లకే కష్టం. ఆగస్టులో 600 మీటర్లకు ఆమెకు 2 నిమిషాల 41 సెకన్లు పట్టింది. డిసెంబరులో 3 నిమిషాల 6 సెకన్లు పట్టింది. కార్డు చూసి వాళ్ల నాన్న పొలం పని మానుకుని బడికి వచ్చారు. "మా పాపకు లోపల ఏమైనా జబ్బుందా సార్, తిరుపతిలో పెద్ద డాక్టరుకు చూపించమంటారా?" అని అడిగారు. నా చేత్తో రాసిన అంకెకు నేనే అర్థం చెప్పలేకపోయాను.

రిజిస్టరు ముందు పెట్టుకుని గుర్తు చేసుకున్నాను. ఆగస్టులో ఉదయం ప్రార్థన కాగానే పరుగు పెట్టాం. ముందురోజు వాన పడి దుమ్ము అణిగి ఉంది. డిసెంబరులో పొద్దున రాత పరీక్షలు ఉండటంతో మధ్యాహ్న భోజనమైన అరగంటకు పెట్టాం. మొదటిసారి స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంది, రెండోసారి ఒక విద్యార్థి ఫోనులో చూశాడు. ముగ్గుపిండితో గీతలు కూడా కొత్తగా వేయించాం. ఇంకో సంగతి, ముందుకు వంగే పరీక్షలో అదే పాప డిసెంబరులో 3 సెంటీమీటర్లు మెరుగైంది. ఒకే బిడ్డ ఒకే రోజు ఒకదానిలో తగ్గి మరొకదానిలో ఎలా పెరిగింది? ఈ 25 సెకన్లలో దేని వాటా ఎంతో తెలిసిన వారు చెప్పండి.

విశ్రాంత పీడీ (ఫిజికల్ డైరెక్టర్), తిరుపతి:

సార్, ముందు ఆ తండ్రికి ఫోను చేసి, మళ్లీ పరీక్షించి చెబుతానని ధైర్యం చెప్పండి. పాపకు ఆయాసం, కళ్లు తిరగడం వంటివి ఏమైనా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమనండి. మిగతాది తర్వాత.

వంగే పరీక్ష సంగతి తేలిక. నిద్ర లేచిన తర్వాత కొన్ని గంటలు ఒళ్లు బిగుసుకుని ఉంటుంది, మధ్యాహ్నానికి కండరాలు వేడెక్కి సాగుతాయి. ఉదయం వార్మప్ లేకుండా వంగమన్న పిల్లవాణ్ణి సాయంత్రం వంగమంటే ఏ సాధనా లేకుండానే మెరుగవుతాడు. దూరపు పరుగు దీనికి ఎదురు. అన్నం తిన్న కడుపుతో, నడినెత్తిన ఎండలో ఎవరైనా మందగిస్తారు. మీరు చూసిన వింతలో ఎక్కువ భాగం గడియారంలోని వేళదే అనిపిస్తోంది.

ఇక గీతలు. తాడుతో కొలిచారా, స్టీలు టేపుతోనా? నైలాను తాడు లాగితే సాగుతుంది. 200 మీటర్ల వలయంలో గీత వెంట పరుగెత్తే బిడ్డకూ, గీతకు ఒక మీటరు బయటగా పరుగెత్తే బిడ్డకూ చుట్టుకు ఆరు మీటర్లకు పైగా తేడా. మూడు చుట్లకు దాదాపు 19 మీటర్లు. గుంపుగా వదిలితే వెనుకబడ్డ వాళ్లు బయటినుంచే దాటాలి కదా.

50 మీటర్లకైతే విజిల్ మానేయండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ముగింపు గీత దగ్గర నిలబడ్డ మీకు విజిల్ వినబడేసరికి 0.15 సెకను గడిచిపోతుంది, ఆ మేరకు బిడ్డ సమయం తగ్గి కనబడుతుంది. తుపాకీతో పరుగు మొదలుపెట్టే పోటీల్లో చేతిగడియారం పట్టినవాళ్లు మోత కోసం ఆగకుండా మెరుపునో పొగనో చూసి నొక్కేది ఇందుకే. జెండా దించడం మంచిది. ఎనిమిది సెకన్ల పరుగులో 0.15 చిన్నదేమీ కాదు, 600 మీటర్లలో మాత్రం లెక్కలోకి రాదు. కాబట్టి ఫోను పట్టిన ఆ అబ్బాయిని తప్పుపట్టకండి.

ఒకసారి మా బడిలో సోమవారం పరీక్ష పెడితే మంచి ఆటగాళ్లు ముగ్గురు కుంటుతూ వచ్చారు. ఆదివారం కుటుంబంతో అలిపిరి నుంచి కొండెక్కి, మెట్లమీదుగానే దిగి వచ్చారట. ఎక్కడం కంటే దిగడం తొడలను ఎక్కువ నొప్పెడుతుంది. ముందురోజు ఏం చేశారని అడగకుండా ఆ తర్వాత నేనెప్పుడూ విజిల్ ఊదలేదు.

లెక్కల టీచరు, చిత్తూరు:

మీరు ఒక్క పాప అంకెలే చూస్తున్నారు సార్. తరగతి మొత్తం చూడండి. ప్రతి బిడ్డకూ డిసెంబరు సమయంలోంచి ఆగస్టు సమయం తీసివేసి ఒక వరుసలో రాయండి. కొందరికి పెరిగి కొందరికి తగ్గి ఉంటే అది ఆ రోజు ఎవరి స్థితిని బట్టి వారికి వచ్చిన తేడా. దాదాపు అందరికీ పెరిగి ఉంటే కారణం పిల్లల్లో లేదు, నేలలోనో వేళలోనో ఉంది. మొదటివాళ్లు మొదటే, చివరివాళ్లు చివరే ఉన్నారు కాబట్టి పరీక్ష నమ్మదగినదని కొందరు అంటారు. ఆ వాదన చాలదు. వరుస కదలకుండానే అందరూ ఇరవై సెకన్లు వెనుకబడవచ్చు.

మన బీఈడీలో చదువుకున్న పునఃపరీక్ష పద్ధతిని నిజంగా చేసి చూడండి. పదిమందిని ఎంచుకుని, అదే వేళ, అదే నేల, అదే గడియారంతో మూడు రోజుల తేడాలో రెండుసార్లు పరుగెత్తించండి. మూడు రోజుల్లో ఎవరి శక్తీ మారదు. అప్పుడు వచ్చే తేడా మీ పరీక్షకు ఉన్న ఊగిసలాట. అంతకు మించని మార్పును కార్డులో పెరుగుదల అనీ తరుగుదల అనీ రాయకండి.

రేణిగుంట అమ్మ:

నేను టీచరును కాదు, ఎనిమిదో తరగతి చదివే కూతురి తల్లిని. ఆ పాపకు ఆ రోజు నెలసరి ఏమో ఎవరైనా అడిగారా? సార్‌తో చెప్పలేక మా అమ్మాయి నొప్పితోనే పరుగెత్తి వచ్చి ఇంట్లో ఏడ్చింది. పరీక్ష రోజున ఒక మేడం పక్కన ఉండి, "ఈ వేళ వద్దనుకుంటే వచ్చే వారం" అని ముందే చెబితే పిల్లలు నోరు విప్పుతారు. ఎత్తు చూసేటప్పుడు జడలు మడిచి కట్టిన రిబ్బన్లూ పూలూ తీయమనండి, అవీ కొలతలోకి వస్తున్నాయి.

పాకాల పీఈటీ:

అందరికీ నమస్కారాలు. లెక్కల మేడం చెప్పినట్లు వరుస రాశాను. 31 మందిలో 27 మందికి సమయం పెరిగింది. అది చూడగానే గుండె తేలికైంది, వెంటనే సిగ్గు కూడా వేసింది, 27 కార్డుల్లో తప్పు అర్థం రాసి పంపాను కదా.

స్టీలు టేపు తెచ్చి గీతలు కొలిచాం. చుట్టు 206 మీటర్లు వచ్చింది. అంటే పిల్లలు పరుగెత్తింది 618 మీటర్లు. ఆ పాప వేగానికి అదే దాదాపు ఐదు సెకన్లు. గీత సరిచేసి పదిమందిని సోమవారం, గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు పరుగెత్తించాను. ఒకే బిడ్డకు రెండు రోజుల మధ్య తేడా మూడు నుంచి తొమ్మిది సెకన్ల దాకా ఉంది. ఆ పాపకు 2.47, 2.43 వచ్చాయి. డిసెంబరులో మొదటి చుట్టు ఊపిరి బిగబట్టి పరుగెత్తి, రెండో చుట్టులో కడుపులో పట్టేసి నడిచానని ఇప్పుడు చెప్పింది. అప్పుడు నేను అడగలేదు.

నెలసరి విషయం మా సైన్సు మేడంకు అప్పగించాను, రేణిగుంట అమ్మగారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పాప వాళ్ల ఇంటికి వెళ్లి కొత్త అంకెలు చూపించాను. పాత కార్డు వెనక్కి తీసుకున్నాను. మిగిలిన 26 ఇళ్లకూ ఈ వారంలో వెళ్తాను. ఇకపై కార్డులో సమయం పక్కన వేళ, ఎండ, కొలిచినవారి పేరు రాసేందుకు మూడు గడులు గీయిస్తున్నాను.