పతకమా, పథకమా? ఇండియా సర్వీస్ మెడల్‌ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధం నాటి ఇండియా సర్వీస్ మెడల్ ఫోటో కింద ఒకచోట ‘భారత సేవా పథకం’ అని, ఇంకోచోట ‘శౌర్య పతకం’ అని రాశారు. ఏది సరైనదండీ?

జవాబు: రెండూ కావండి. ‘పథకం’ అంటే స్కీము. ‘భారత సేవా పథకం’ అని చదివితే పింఛనో రేషనో గుర్తొస్తుంది. మెడల్‌కి ఒత్తు లేని ‘త’ రాయాలి, పతకం. సంస్కృతంలో ఇది పదకం. హిందీలో పదక్, కన్నడంలో పదక, మన దగ్గర మాత్రం ద కాస్తా త అయింది. అసలు మెడలో వేలాడే నగ పేరు ఇది. సీతమ్మకు చింతాకు పతకం చేయించానని రామదాసు రాముడికి మొరపెట్టుకున్నాడు కదా, ఆ పతకమే. ఆ మాటే సైనికుడి ఛాతీ మీది బిళ్ళకీ అమరింది. నాకెంతో ఇష్టమైన మాట ఇది, అందుకే ఆ ఒత్తు కనిపిస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇక ‘శౌర్య’ ఎందుకు కుదరదో అర్హత చూస్తే తెలుస్తుంది. 1939 సెప్టెంబరు 3 నుంచి 1945 సెప్టెంబరు 2 లోపు భారత దళాల్లో మూడేళ్లు కొలువు చేసి ఉండాలి, అదీ యుద్ధరంగంలో కాకుండా. సాహసానికి విక్టోరియా క్రాస్ లాంటివి వేరే ఉన్నాయి. బర్మా రంగంలో పనిచేసినవాళ్లకి బర్మా స్టార్ ఉంది. ఇది మాత్రం తుపాకీ మోతకి దూరంగా ఉండి సైన్యం పనులు నడిచేలా చూసినవాళ్లది. వాళ్ల పనీ చిన్నది కాదు, కానీ దాన్ని శౌర్యం అంటే రెండు మాటలకీ అన్యాయమే.

బిళ్ళ రాగి, నికెల్ కలిపిన లోహం. ముందువైపు కిరీటంతో ఆరో జార్జి, వెనకవైపు ఇండియా పటం, దాని కింద 1939-45. రిబ్బను లేత నీలం, ముదురు నీలం చారలు. 1946 జూన్‌లో నెలకొల్పారు. మరుసటి ఏడాది ఆగస్టుకల్లా ఆ పటమే రెండుగా చీలింది.

ప్రశ్న: సేవా పతకం అంటే సంఘసేవ చేసినవాళ్లకి ఇచ్చేదనుకోరా?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. నన్నడిగితే ఇక్కడ సర్వీస్‌కి అసలైన తెలుగు మాట ‘కొలువు’. కానీ మన సైన్యంలోనే విశిష్ట సేవా మెడల్ ఉంది, ఆ వాడుక జనానికి అలవాటే. కాబట్టి పేరుగా ‘ఇండియా సేవా పతకం’ అని రాసి, కింద వివరణలో ‘మూడేళ్ల సైనిక కొలువుకి ఇచ్చినది’ అనండి.