"మీ నామము పూజింపబడునుగాక": ఇక్కడ ‘పూజ’ ఎందుకు వచ్చింది?

నిన్న గ్రూపులో ఒకరు మంచి ప్రశ్న అడిగారు. ప్రభువు (యేసు) నేర్పిన ప్రార్థనలో కతోలికులు "మీ నామము పూజింపబడునుగాక" అంటారు. ప్రొటెస్టెంట్ల బైబిల్లో "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అని ఉంటుంది. మూలం ఒక్కటే కదా, తెలుగులో ఇంత తేడా ఎందుకు, రెండిట్లో ఏది సరైనది అని. కామెంట్లో రాద్దామని కూర్చుంటే పొడుగైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను. నేను కతోలికుణ్ని. ఈ మాట నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ నోట్లో నానుతున్నదే.

ముందు మూలం సంగతి. గ్రీకులో ‘హగియస్థేతో’, లాటిన్‌లో ‘సాంక్తిఫిచేతుర్’. రెండూ కర్మణి రూపాలే. మాటకు మాట పెడితే ‘పవిత్రం చేయబడాలి’ అని వస్తుంది. కాబట్టి అక్షరార్థమే కావాలంటే ‘పరిశుద్ధపరచబడు గాక’ మూలానికి దగ్గర. దీని మీద నాకు పేచీ లేదు.

చిక్కంతా అర్థంలో ఉంది. దేవుడి పేరుని పరిశుద్ధం చేయడానికి మనమెవరం? మురికి పట్టినదాన్ని కదా కడుగుతాం! ఈ సందేహం మనతో మొదలైంది కాదు. 3వ శతాబ్దంలో కార్తేజ్ బిషప్పుగా ఉన్న సిప్రియన్ ఈ ప్రార్థనను వివరిస్తూ ఇదే అడిగాడు: పరిశుద్ధపరిచేవాడు దేవుడే అయినప్పుడు ఆయన్ను పరిశుద్ధపరిచేది ఎవరు? ఆ పేరు మనలో, మన బతుకులో పవిత్రంగా నిలవాలని వేడుకుంటున్నాం అన్నదే ఆయన చెప్పిన జవాబు. 1992లో వచ్చిన కతోలిక శ్రీసభ (చర్చి) సత్యోపదేశం, అంటే అధికారిక బోధల పుస్తకం, 2807వ పేరాలో దీన్ని వ్యాకరణం చెప్పినట్టే చెప్పింది. ఈ క్రియను ‘పవిత్రంగా చేయడం’ అని కాక, ముఖ్యంగా ‘పవిత్రమని గుర్తించడం, పవిత్రమైనదాని పట్ల నడుచుకోవాల్సినట్టు నడుచుకోవడం’ అని తీసుకోవాలట.

ఇప్పుడు ‘పూజించు’ని చూడండి. పూజ అంటే పూలూ దీపాలే కాదు. ‘పూజ్యులైన నాన్నగారికి’ అని ఉత్తరం మొదలుపెట్టేటప్పుడు నాన్నని దేవుణ్ని చేయం. ఆయన పెద్దరికం ముందే ఉంది, దాన్ని ఒప్పుకుని తల వంచుతున్నాం, అంతే. పూజ వల్ల పూజ్యత రాదు, పూజ్యత ఉంది కాబట్టి పూజ. పాత జపంలో ఆ క్రియను ఎంచుకున్నవాళ్లు అక్షరాన్ని కాస్త వదిలి, భావాన్ని గట్టిగా పట్టుకున్నారని నాకనిపిస్తుంది. ‘మీ’, ‘నీ’ తేడా మీద ఎక్కువ చెప్పను. మన భక్తి కవులు దేవుణ్ని నీవనే పిలిచారు, అందులో అమర్యాద ఏమీ లేదు.

ఈ చర్చ నాకు ఎందుకంత ముఖ్యమంటే, ఈ రోజుల్లో పవిత్రత గురించి మాట్లాడుకునే తీరే మారిపోయింది. మాటల్లోనే తెలిసిపోతుంది. ‘అది వాళ్ల సెంటిమెంట్’ అంటాం. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అంటాం. గమనించండి, ఈ రెండు మాటల్లోనూ పవిత్రమైన వస్తువే లేదు, మన ఫీలింగ్ మాత్రమే మిగిలింది. పవిత్రత అక్కడి నుంచి లేచి వచ్చి మన మనసులో కూర్చుంది. మనం అనుకుంటే ఉన్నట్టు, అనుకోకపోతే లేనట్టు. కతోలికుడు చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. గుడిలో నాకు ఏమీ అనిపించని రోజున కూడా మందసంలో (సత్ప్రసాదం భద్రపరిచే పెట్టెలో) ఉన్న సత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన రొట్టె, మాకు క్రీస్తే. అందుకే దాని ఎదుట కుడి మోకాలు నేలకు ఆనించి లేస్తాం. అలసటగా ఉన్నా, మనసు ఎటో ఉన్నా అంతే. మనసు లేకుండా చేస్తే నటన కాదా అని చాలామంది అడుగుతారు. కాదు. మనసు వెనకబడిన రోజున మోకాలు ముందుగా వెళ్లి నిజాన్ని ఒప్పుకుంటుంది.

చిన్నప్పుడు పూజలో (ఫాదర్ గుడిలో జరిపే దివ్యబలిలో) సహాయం చేసే పిల్లల్లో నేనూ ఒకణ్ని. సత్ప్రసాదం పంచుతుంటే ఒక్కొక్కరి గడ్డం కింద పళ్లెం పట్టుకోవడం నా పని. 2004లో రోమ్ ఇచ్చిన సూచనల్లో కూడా ఆ పళ్లెం వాడకం మానవద్దని ఉంది. పంచడం అయ్యాక ఫాదర్ గారు ఆ పళ్లేన్ని వెలుగులోకి వంచి చూసేవారు. ఆవగింజలో సగం కూడా ఉండని తునక ఒకటి అంచు దగ్గర అంటుకుని ఉండేది. దాన్ని వేలితో మెల్లగా పానపాత్రలోకి తోసి, నీళ్లు పోసి, ఆ నీళ్లు తాగి, గుడ్డతో తుడిచేవారు. పీఠం (పూజ జరిపే బల్ల) మీద పరిచిన చదరపు తెల్ల గుడ్డని, దాన్నే కార్పొరల్ అంటారు, దులపకుండా, అంచులు లోపలికి వచ్చేలా అటు మూడు ఇటు మూడు మడతలు పెట్టేవారు. విప్పితే తొమ్మిది గళ్లు కనిపిస్తాయి. అందులో ఏ కణమైనా ఉంటే జారిపోకుండా ఆ మడత. ఆయన నాకు ఒక్క ముక్క వేదాంతం చెప్పలేదు. గుడి ఖాళీ అయిపోయి, చూసేవాళ్లు లేకపోయినా ఆ చేతులు తొందరపడేవి కావు. 4వ శతాబ్దపు జెరూసలేం బిషప్పు సిరిల్ పేరు మీద ఉన్న బోధలో ఇదే మాట ఉందని చాలా ఏళ్లకు తెలిసింది: ఎవరైనా నీ చేతిలో బంగారు రజను పోస్తే ఒక్క రేణువు రాలనిస్తావా అని.

ఫోన్ల గురించి చెప్పక తప్పదు. 2017 నవంబర్ 8న పోప్ ఫ్రాన్సిస్ జనంతో మాట్లాడుతూ, పూజలో గురువు (ఫాదర్) ‘హృదయాలు పైకెత్తండి’ అంటాడు గానీ ‘ఫోన్లు పైకెత్తండి’ అనడని చెప్పారు. విశ్వాసులే కాదు, గురువులూ బిషప్పులూ కూడా ఫోన్లు ఎత్తుతున్నారని బాధపడ్డారు. ఫోటో తీయడం పాపమని కాదు. తీస్తున్నంతసేపూ మనం చూస్తున్నది తెరని.

కామెంట్లలో వచ్చినవాటికి కూడా ఇక్కడే జవాబిస్తాను.

"పవిత్రాత్మ, పరిశుద్ధాత్మ తేడా కూడా ఇలాంటిదేనా" అని అడిగారు. అవును, అక్కడా కతోలికులది ‘పవిత్ర’, ప్రొటెస్టెంట్లది ‘పరిశుద్ధ’. వ్యుత్పత్తి చూస్తే ముచ్చటేస్తుంది. పరిశుద్ధం అంటే పూర్తిగా శుద్ధి అయినది. పవిత్రం ‘పూ’ ధాతువు నుంచి వచ్చింది, మొదటి అర్థం శుద్ధి చేసే సాధనం. సోమరసాన్ని వడగట్టేదాన్ని పవిత్రం అన్నారు, వేలికి పెట్టుకునే దర్భ ఉంగరమూ పవిత్రమే. అంటే పవిత్రాత్మలో ‘మనల్ని శుద్ధి చేసే ఆత్మ’ అన్న ధ్వని కూడా వినిపిస్తుంది.

"పవిత్రం కానిదంతా అపవిత్రమేనా" అన్నది ఇంకో ప్రశ్న. ఇక్కడ మన భాషలో నిజంగా ఇబ్బంది ఉంది. లాటిన్‌లో ‘ప్రొఫానుస్’ అంటే గుడి ముందున్నది, అంటే గడప బయటిది. అది తిట్టు కాదు, మామూలు లోకం. 1983 నాటి శ్రీసభ చట్టం 1222వ సూత్రం ప్రకారం, ఆరాధనకు ఇక పనికిరాని గుడిని ‘ప్రొఫేన్’ వాడకానికి ఇవ్వవచ్చు, నీచమైన వాడకానికి మాత్రం ఇవ్వకూడదు. దీన్ని ‘అపవిత్రమైన వాడకం’ అని తెలుగు చేస్తే అర్థం తిరగబడుతుంది. ‘లౌకికం’ దగ్గరగా ఉంది కానీ కొంచెం పుస్తకాల మాట. ఇంతకన్నా మంచి మాట దొరుకుతుందేమో చూడాలి.

చివరగా ఒకరు కాస్త కోపంగా రాశారు: రొట్టె తునకకి ఇంత మర్యాదా, ఆకలితో ఉన్న మనిషికి లేదే అని. ఆ కోపం న్యాయమైనదే. 4వ శతాబ్దంలోనే క్రైస్తవ బోధకుడు యోహాను క్రిసోస్తోమ్ గుడిలో నిలబడి ఇదే అన్నాడు: ఇక్కడ క్రీస్తు శరీరానికి పట్టుబట్టలు కప్పి, బయట పేదవాడి రూపంలో చలికి వణుకుతున్న ఆయన్ను దాటిపోవద్దని. పీఠాన్ని తక్కువ చేయమని ఆయన అనలేదు. పళ్లెం అంచు దగ్గర తునకని చూసే కన్నే గడప బయట కూర్చున్నవాణ్ని కూడా చూడాలన్నాడు. మనిషి ప్రాణం పవిత్రమని శ్రీసభ చెప్పేదీ ఇదే పద్ధతిలోనే. మనం విలువ ఇచ్చాం కాబట్టి కాదు, అది దేవుడు చేసిన పని కాబట్టి.

మీ ఇళ్లలో పాత జపాల పుస్తకాలు ఉంటే ఒకసారి తీసి చూడండి. ‘పూజింపబడునుగాక’ ఉన్న చోట వేరే క్రియ ఏదైనా కనిపిస్తే, అచ్చయిన సంవత్సరంతో సహా ఆ పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి.