ముధోల్ ఆడకుక్కకు క్రాసింగ్ చేయించాల్నా? డాగ్ షోలల్ల తిప్పినోళ్లు చెప్పుండ్రి

దేవరకొండ పోరడు:
అందరికీ నమస్తే. నాకాడ రెండేండ్ల ముధోల్ ఆడది ఉంది. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లల్ల కారవాన్ హౌండ్ అని ఉంటది. ఇప్పుడు ఎదకొచ్చింది. క్రాసింగ్ చేయించు, పిల్లకింత అని ఊర్లె లెక్కలు చెప్తున్నరు. నాకేమో చలికాలం హైదరాబాద్ షోకు ఒక మంచి పిల్లను తీస్కపోవాలని ఉంది. పైసలు మిగుల్తయా? షోకు పనికొచ్చే పిల్ల ఏదో ఎట్ల ఎరుకైతది?

జడ్చర్ల అన్న:
పైసల ముచ్చట ఇడిచిపెట్టు తమ్మీ. స్టడ్ ఫీజు (మగకుక్క ఓనరుకిచ్చేది), టెస్టులు, టీకాలు, అర్ధరాత్రి సిజేరియన్ పడితే హైదరాబాద్‌కు కారు కిరాయి. నాకైతే ఎన్నడు మిగల్లే. నావి లాబ్రడార్లు. ముధోల్ సంగతి మక్తల్ టీచరమ్మను అడుగు. మేడం, చూస్తున్నరా?

మక్తల్ టీచర్ (రిటైర్డ్):
చూస్తున్న నాయనా. పుట్టిన దినమే ఇది షో పిల్ల అన్నోడు నీకు అమ్మనీకి చెప్తున్నట్టు.

నా ముధోల్ మగపిల్ల బాద్షా ముచ్చట చెప్త. మూడు నెలలకే వాని నడక చూసి తొవ్వల పోయేటోళ్లు బండ్లు ఆపేటోళ్లు. పొడుగు మెడ, లోతు ఛాతి, పై పళ్లు కింది పళ్ల ముందట కత్తెర తీరు కూసునేటియి. ముధోల్‌కు కొత్తమనిషి చెయ్యేస్తే గిట్టదు. రింగుల జడ్జేమో నోరు తెరిచి చూస్తడు, ఒళ్లంత తడుముతడు. అందుకే పొద్దుమీకంగ బడి గ్రౌండుకు తీస్కపోయి, వాలీబాల్ ఆడే పోరగాండ్లతోని రోజుకొకరితోని పళ్లు చూపిచ్చేదాన్ని. కొన్నాళ్లకు మనిషి దగ్గరికొస్తే చాలు, వాడే మూతి పైకెత్తి నిలబడేటోడు. పోరగాండ్లు వానికి 'పేషెంటు' అని పేరు వెట్టిండ్రు.

అయితే బీజం ఒక్కటే సంచిలకు దిగింది, రెండోది కడుపులనే ఉండిపాయె. ఆర్నెల్లు దాటినంక, ఇగ దిగదమ్మా అన్నడు డాక్టరు. మగదానికి రెండూ దిగి ఉండాలని స్టాండర్డ్‌లనే (జాతి ఎట్లుండాల్నో రాసిన నియమాలల్ల) ఉంటది, జడ్జి చెయ్యి పెట్టి చూస్తడు. ఆపరేషన్ చేసి దింపిస్తే ఎవ్వరికి ఎరుక మేడం అన్నోళ్లు గూడ ఉన్నరు. షో గెలుస్తడేమో, వానికి పుట్టేటియి గూడ అట్లనే పుడితే? అది వంశంల వచ్చే లోపం. ఆడది మంచిగనే కనవడ్తది గని అది గూడ మోస్తది.

వాడు షోకు పనికిరాకుండ పోయినందుకు నాకు అంత బాధ లేదు. వాని చెల్లె ఉంది సూడు, దానికి ఏ వంకా లేదు. రింగుల గెలిచింది, జడ్జి దాన్ని ఇంకొక రౌండు ఉరికిచ్చి మరీ చూసిండు, నాకు కాళ్లు భూమ్మీద ఆగలే. దాని పిల్లలు కావాలని ఎందరో అడిగిండ్రు. నేను దాన్ని క్రాసింగ్ చేయించలే. వీటి తల్లిని గూడ మళ్ల వీటి తండ్రితోని కలపలే. మా ఇంటాయన గూడ నీకేమన్న పిచ్చా అన్నడు. దాన్ని చూసినప్పుడల్ల ఇప్పటికీ మనసు గుంజుతది.

బాద్షాకు బీజాలు తీసేసే ఆపరేషన్ చేపిచ్చిన, కడుపుల ఆగిన బీజానికి గడ్డలొచ్చే భయముంటది. మత్తు ఇచ్చేముందు ముధోల్ అని డాక్టరుకు చెప్పాలె, యాదిపెట్టుకో. వీటి ఒంట్ల కొవ్వుండదు, థయోపెంటాల్ లాంటి పాత మందు ఇస్తే తేరుకోనీకి శానా సేపైతది.

ఇంకొకటి పార్వో, కుక్కపిల్లలను చంపే విరేచనాల రోగం. దాని గురించి ఎక్కువ రాయబుద్ధి కాదు. ఆ వైరస్ మట్టిల నెలలకొద్ది బతుకుతది, ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ కావాలె. తల్లిపాల రక్షణ ఉన్నన్నాళ్లు టీకా పట్టకపోవచ్చు, అందుకే పదహారు వారాలు నిండేదాక మళ్లమళ్ల ఏయించాలె. పిల్లలను చూసిపోతమని వచ్చినోళ్లను, సుట్టాలైనా సరే, చెప్పులతోని గేటు లోపటికి రానియ్యను.

దేవరకొండ పోరడు:
మేడం, అయితే ఇప్పుడు వద్దంటరా? కుందేళ్ల వేటకు పిల్లలు కావాలని ఇద్దరు అడ్వాన్స్ గూడ ఇస్తమంటున్నరు.

మక్తల్ టీచర్ (రిటైర్డ్):
వాళ్లకు ఇయ్యకు. 1972 వన్యప్రాణి చట్టం కింద కుందేలు వేట నేరం. రేపు కుక్కతోని పాటు నీ పేరు గూడ బయటికొస్తది. 2017 కేంద్ర నియమాలల్ల ఆడదానికి 18 నెలలు నిండాలె అని ఉంది, నీదానికి నిండినయి. ఎనిమిది వారాలు నిండకముందు పిల్లను అమ్మొద్దని గూడ ఉంది.

63 దినాలు లెక్కేస్కో. ఇప్పుడు కలిపితే మీ నల్లగొండ ఎండలల్ల ఈనుతది. కూలర్ పెడ్తవు, కరెంటు పోతే? వచ్చే ఎద దాక ఆగు. ఆలోపు కలిపే దినం ఏదో చెప్పే ప్రొజెస్టిరాన్ రక్తం టెస్టు ఏ ల్యాబుల చేస్తరో, రాత్రి ఫోన్ ఎత్తే డాక్టరెవరో కనుక్కో. అమ్ముడువోని పిల్లలుంటే నీ దొడ్లె జాగ ఉన్నదా సూస్కో. మగదాన్ని చూడపోతే దాని కప్పులు, ఫొటోలు చూసి మురువకు. దాని అన్నదమ్ములు ఏడున్నయో అడిగి వాటిని గూడ చూడు. వంగి కాళ్ల సందుల చూడు. సిగ్గుపడకు, అమ్మేటోడు సిగ్గుపడతలేడు కదా.