జీతం లేని సెలవుకు డబ్బు కట్టి సర్వీసు కొనుక్కోవడం: కట్టాలా, వదిలేయాలా?

ఒంగోలు రిటైర్డ్ హెచ్చెమ్

మా ఇంట్లో తెగని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్నా. మా అమ్మాయి కెనడాలో, ఒంటారియోలో, ఒక మునిసిపాలిటీ ఆఫీసులో పనిచేస్తుంది. కాన్పుకు ఏడాది సెలవు పెట్టి మళ్లీ డ్యూటీలో చేరింది. సెలవులో ఆఫీసు జీతం లేదు, అక్కడి ఉద్యోగ బీమా నుంచి భత్యం వచ్చింది, అంతే. ఇప్పుడు వాళ్ల పెన్షన్ సంస్థ ఒమర్స్ నుంచి కాగితం వచ్చింది. ఆ ఏడాదికి తన వాటా చందా కడితే సర్వీసులో కలుపుతారు, కట్టకుంటే పెన్షన్ లెక్కలో ఆ ఏడాది లేనట్టే. అల్లుడేమో ఇంటి లోను నెత్తిన పెట్టుకుని ఇదెందుకంటాడు. అమ్మాయి కట్టి తీరతానంటుంది.

ఇక మా కోడలు. కందుకూరు వైపు జడ్పీ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, సీపీఎస్ (జీతంలోంచి చందా కోసే కొత్త పెన్షన్ పద్ధతి) కింద ఉంది. మా ఆవిడకు పక్షవాతం వస్తే ఏడాది జీతనష్టపు సెలవు పెట్టి దగ్గరుండి చూసుకుంది. ఆమెకు ఏ కాగితమూ రాలేదు, వచ్చే దారీ లేదు. అమ్మాయి కట్టడం తెలివైన పనేనా? మన దగ్గర కూడా అట్టాంటి వీలు ఉండాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

ట్రంకురోడ్డు వ్యాపారి, నెల్లూరు

హెచ్చెమ్ గారూ, అల్లుడు చెప్పిందే కరెక్టు. ఎప్పుడో ముసలితనంలో వచ్చే పింఛను కోసం ఇప్పుడు చేతిలో డబ్బు పోగొట్టుకోవడం ఏంది? అదే డబ్బు ఇక్కడికి పంపితే రామాయపట్నం పోర్టు వైపు ప్లాటుకు అడ్వాన్సు ఇయ్యొచ్చు. నమ్మకస్తులకు రెండు రూపాయల వడ్డీకి తిప్పినా నాలుగేళ్లు దాటేసరికి రెట్టింపు. ఆ పెన్షన్ సంస్థ ఇచ్చేది నూటికి ఎంత పడుతుందో ఎవరన్నా లెక్క చూశారా?

బిట్రగుంట పాత గార్డు

రెండు రూపాయల వడ్డీకి తీసుకుని ఐపీ పెట్టినోళ్లు నెల్లూరులో తక్కువా తమ్ముడూ? రిటైరయిన మనిషికి ఒకటో తారీఖున వచ్చి పడే డబ్బు విలువ నీకింకా తెలీదులే.

లెక్కల సారు, కావలి

లెక్క నేను చెప్తా. ఒమర్స్ సూత్రం బహిరంగమే. ఏడాది సర్వీసుకు, బాగా సంపాదించిన ఐదేళ్ల సగటు జీతంలో 2 శాతం పెన్షన్. అందులో 0.675 శాతం 65 ఏళ్ల వయసు దాకానే ఇస్తారు. ఆ తర్వాత కెనడా ప్రభుత్వ పెన్షన్ ఉంటుంది కాబట్టి ఆ భాగం ఆగిపోయి 1.325 శాతం మిగులుతుంది. చందా 9 శాతం. ఒక పరిమితి దాటిన జీతానికి రేట్లు వేరు, మనం ఆ లోపే ఉందాం.

అమ్మాయి జీతం ఏడాదికి 60,000 డాలర్లు అనుకోండి. కట్టాల్సింది 5,400. దానికి 65 దాటాక ఏటా 795 డాలర్లు, బతికినన్నాళ్లూ. పుచ్చుకోవడం మొదలుపెట్టాక ఏడేళ్లు తిరక్కుండానే కట్టింది వెనక్కి వస్తుంది. అదీ ఇవాళ్టి జీతం మీద వేసిన లెక్క. నిజానికి పెన్షన్ లెక్క పెట్టేది ఆమె ఉద్యోగం చివరి రోజుల్లో తీసుకునే జీతాల మీద కదా, అప్పటికి ఆ 795 ఎక్కడ ఉంటుందో ఊహించుకోండి. కట్టిన సొమ్ముకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతా ఉంటే అందులోంచే నేరుగా మళ్లించొచ్చు, అప్పుడు ఇంటి లోను జోలికి పోనక్కర్లేదు. అల్లుడికి ఈ మాట చెప్పండి.

ఒక్క మెలిక. ధరల పెరుగుదలను బట్టి పెన్షన్ పెంచే హామీ 2022 దాకా చేసిన సర్వీసుకే పూర్తిగా ఉంది. 2023 నుంచి చేసిన సర్వీసుకు నిధి పరిస్థితి చూసి పెంచుతారు.

ట్రంకురోడ్డు వ్యాపారి, నెల్లూరు

సారూ, లెక్క బాగుంది గానీ ఆ 5,400 ఇన్నేళ్లు ఊరికే పడి ఉంటుందా? అదే లోనులో కడితే వడ్డీ మీద వడ్డీ తగ్గుతుంది. ఆ సంగతి వదిలేశారు. ఇంకో అనుమానం, అంత చౌకగా ఎందుకిస్తుండారు? ఊరికే ఎవడూ ఇయ్యడు.

లెక్కల సారు, కావలి

మంచి ప్రశ్న వేశావబ్బా. లోను సంగతి: జీతం పెరిగే కొద్దీ కొన్న ఏడాది విలువ కూడా దాంతోపాటే పెరుగుతుంది, లోను వడ్డీకి ఇది చాలా వరకు సమాధానం. పూర్తిగా కాదు, ఒప్పుకుంటా.

చౌక ఎందుకంటే, ఇంకో 5,400 మునిసిపాలిటీ కడుతుంది. ఒంటారియో చట్టం ప్రకారం కాన్పు సెలవులోనూ, బిడ్డ పెంపకానికి ఇచ్చే సెలవులోనూ యజమాని తన పెన్షన్ వాటా ఆపడానికి లేదు. నా వాటా నేను కట్టనని ఉద్యోగి రాసిస్తేనే ఆపొచ్చు. అదే అమ్మాయి వేరే సొంత పని మీద సెలవు పెట్టి ఉంటే రెండు వాటాలూ ఆమే కట్టుకోవాలి. 10,800 అవుతుంది, తిరిగి రావడానికి పదమూడేళ్లు దాటుతుంది. అప్పుడు నేను కూడా ఆలోచించమనే వాణ్ణి.

కోవూరు సీపీఎస్ టీచరమ్మ

అసలు సంగతి ఇదీ. రెండో వాటా ఎవరిది? దాన్ని వదిలేసి మన దగ్గర కొనుక్కునే హక్కు కావాలని అడిగితే ఒరిగేదేమీ లేదు.

హెచ్చెమ్ గారి కోడలి లెక్క చూడండి. బేసిక్, డీఏ కలిపి 50,000 అనుకుందాం. నెలకు ఆమెది 10 శాతం 5,000, ప్రభుత్వానిది 5,000. ఏడాది సెలవుతో 1,20,000 నిధిలో పడలేదు. ఇప్పుడు ఆమె ప్రాన్ (పెన్షన్ ఖాతా) నంబరుతో సొంతంగా ఆ 60,000 వేసుకోవచ్చు. టైర్ 1లో, అంటే అసలు పెన్షన్ ఖాతాలో, అదనంగా కట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు, పాత పన్ను విధానంలో ఉంటే 50,000 దాకా వేరే మినహాయింపు కూడా ఉంది. కానీ ప్రభుత్వం 60,000 ఎప్పటికీ రాదు. దాన్ని సర్వీసు కొనడం అంటారా? ఎస్‌బీఐలో ఆర్‌డీ కట్టుకున్నట్టే కదా.

ఇంక్రిమెంటు వెనక్కి జరగడం అదనం. ఇన్నేళ్లు సీపీఎస్ వద్దని రోడ్డెక్కినప్పుడు కూడా ఈ సెలవుల సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సెలవు పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి కాబోలు.

ఉదయగిరి యూడీసీ

అమ్మా, కోపం తెచ్చుకోవద్దు. పని చేయని నెలకు ప్రభుత్వం వాటా ఎందుకు వేయాలి? మా సెక్షన్‌లో ఇద్దరు లాస్ ఆఫ్ పే మీద పోతే వాళ్ల ఫైళ్లన్నీ నా టేబుల్ మీదికొచ్చాయి. నాకేమన్నా రెండు వాటాలు పడ్డాయా? ప్రసూతి సెలవు 180 రోజులు పూర్తి జీతంతో ఉంది. పిల్లల సంరక్షణ సెలవు 60 రోజులుండేది, 2022లో 180 చేశారు, అదీ జీతంతోనే. ఆ రోజుల్లో సీపీఎస్ చందా, ప్రభుత్వ వాటా రెండూ పడుతూనే ఉంటాయి. ఇంకా కావాలంటే ఎట్టా?

కోవూరు సీపీఎస్ టీచరమ్మ

పిల్లలకు ఉంది, కాదనను. మంచాన పడ్డ అత్తకు ఏముంది? మాకు ఈఎల్స్ (జీతంతో వచ్చే ఆర్జిత సెలవులు) ఏడాదికి ఆరే. మీ టేబుల్ మీదికి ఫైళ్లు రావడం అన్యాయమే, అది ఖాళీలో మనిషిని వేయని వాళ్లను అడగాల్సిన మాట. సెలవు పెట్టినామెను కాదు.

బిట్రగుంట పాత గార్డు

మా పాత పెన్షన్ రూల్ చెప్తా, పోల్చుకోడానికి పనికొస్తుంది. మా కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో 2004 జనవరి 1కి ముందు చేరినోళ్లకు, జీతం వచ్చే సెలవు మొత్తం సర్వీసే. జీతం లేని అసాధారణ సెలవైనా వైద్య ధ్రువపత్రం మీద తీసుకుంటే సర్వీసే. మా బ్యాచ్‌లో ఒకాయన కామెర్లతో నెలల తరబడి పడుకున్నా పెన్షన్‌లో పైసా తగ్గలేదు. కానీ ఆ ధ్రువపత్రం ఉద్యోగి సొంత జబ్బుకే. అత్తగారి పక్షవాతానికి చెల్లదు. అంటే పాత పెన్షన్ ఉన్నా హెచ్చెమ్ గారి కోడలికి ఆ రూల్ ఆసరా అయ్యేది కాదు. పాతదంతా బంగారం అని చెప్పను.

డబ్బు కట్టి సర్వీసు తెచ్చుకునే పద్ధతి మనకు కొత్తేం కాదు. మిలిటరీలో చేసి వచ్చి పోస్టాఫీసులోనో రైల్వేలోనో చేరినోళ్లు, అక్కడ తీసుకున్న గ్రాట్యుటీ తిరిగి కట్టి, మిలిటరీ పెన్షన్ వదులుకుంటే, ఆ సర్వీసు ఇక్కడ కలిపేవాళ్లు. ఇప్పుడు కేంద్రంలో 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఏకీకృత పెన్షన్ పథకం యూపీఎస్‌లో కూడా చిన్న కిటికీ ఉంది. మా అబ్బాయి అందులో చేరాడు కాబట్టి చదివా. 25 ఏళ్ల సర్వీసుకు ఆఖరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం ఇస్తారు. కానీ ఖాతాలో ఉండాల్సిన మొత్తానికి ఒక కొలత పెట్టారు, దానికంటే తక్కువుంటే పెన్షన్ ఆ నిష్పత్తిలో తెగుతుంది. తగ్గిన మొత్తాన్ని ఉద్యోగి సొంతంగా పూడ్చుకోవచ్చు. చూశారా, ఇక్కడ కూడా పూడ్చేది ఉద్యోగే.

చీమకుర్తి ఎకౌంట్స్

మీరంతా ప్రభుత్వ ఉద్యోగాల గురించే మాట్లాడుతున్నారు. గ్రానైట్ ఫ్యాక్టరీ అమ్మాయిల సంగతి కూడా వినండి. మాకు ఈపీఎస్ 95, పీఎఫ్ తోపాటు ఉండే పెన్షన్ స్కీము. పెన్షన్‌లోకి పోయేది మా జీతంలోంచి కాదు. యజమాని వాటాలో 8.33 శాతం, కేంద్రం 1.16 శాతం, అదీ 15,000 జీతం దాకానే. సూత్రం: ఆఖరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించడం. పదేళ్లు నిండితేనే నెలనెలా పెన్షన్.

ఇక్కడ జరిగేది చెప్తా. ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో చేసిన అమ్మాయి కాన్పుకో, అత్తమామల కోసమో మానేస్తుంది. ఎవరో ఒకరు "ఫారం 10సీ పెట్టు, డబ్బులొస్తాయి" అంటారు. పెడుతుంది, కొంత డబ్బు చేతికొస్తుంది, ఆ తొమ్మిదేళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత మళ్లీ చేరితే ఒకటి నుంచి లెక్క. నేను ఆ డబ్బు వడ్డీతో తిరిగి కడతా, నా సర్వీసు నాకియ్యండి అంటే తీసుకునేవాళ్లు లేరు. అదే 10సీలో డబ్బుకు బదులు స్కీము సర్టిఫికెట్ అడిగితే ఆ సర్వీసు అట్టాగే నిలబడి ఉంటుంది, తర్వాతి ఉద్యోగంలో కలుస్తుంది. అంతా కలిపి పదేళ్లు నిండితే, 15,000 మీద ఆ తొమ్మిదేళ్ల వంతుకే నెలకు దాదాపు 1,928 రూపాయల పెన్షన్. కనీస పెన్షన్ 1,000 దగ్గరే ఆగిపోయిన స్కీములో ఇది చిన్న మొత్తం కాదు. మా దగ్గర మానేస్తానని వచ్చిన ప్రతి అమ్మాయికీ ఇదే పాఠం చెప్తా, సగం మంది వినరు.

కొనుక్కునే హక్కు ఎక్కడన్నా రావాలంటే ముందు ఇక్కడికి రావాలి.

ఉదయగిరి యూడీసీ

ఈ స్కీము సర్టిఫికెట్ మాట మా చెల్లెలికి ఇవాళే చెప్తా. ఆమె చెన్నైలో మానేసే ఆలోచనలో ఉంది.

నా వాదన మాత్రం మారలేదు. సెలవు పెట్టినామె తన వాటా తను కట్టుకునే వీలిస్తే చాలు.

ఒంగోలు రిటైర్డ్ హెచ్చెమ్

అందరికీ నమస్కారం. అల్లుడికి ఆర్‌ఆర్‌ఎస్‌పీ దారి చెప్పా, మెత్తబడ్డాడు. అమ్మాయి కడుతోంది.

కోడలి దగ్గరికొస్తే, ఆమె సేవ చేయించుకున్నది మా ఇల్లు. ప్రభుత్వ వాటా రాదని టీచరమ్మ గారు తేల్చారు. ఆ 60,000 మా అబ్బాయి వేస్తే ఎట్టుంటుందని అడిగా. వాడు, "ఇద్దరి డబ్బూ ఒకటే కదా నాన్నా, ఎవరి ఖాతాలో ఉంటే ఏముంది" అన్నాడు.

కోవూరు సీపీఎస్ టీచరమ్మ

ఇద్దరిదీ ఒకటే అయితే ఆయన ఖాతాలో నెలలు ఖాళీ పడలేదేం సారూ? రెండు వాటాలూ, 1,20,000, ఆమె ప్రాన్‌లోకే వేయించండి.

ఇంకోటి, ఆ సెలవుకు ముందు అర్ధజీతపు సెలవు వాడుకున్నారా? ఏడాది సర్వీసుకు 20 రోజులు జమవుతుంది. సగం జీతమైనా ఆ మేరకు చందా పడుతుంది, ప్రభుత్వ వాటా కూడా దాంతోపాటే పడుతుంది. చాలామంది అది ఉందన్న సంగతి తెలియక నేరుగా లాస్ ఆఫ్ పేకి పోతారు.

ట్రంకురోడ్డు వ్యాపారి, నెల్లూరు

అత్తకు సేవ చేసినందుకు కోడలికి లక్షా ఇరవై వేలా! మా ఇంట్లో ఈ పేజీ చూపించకూడదు.

ఒంగోలు రిటైర్డ్ హెచ్చెమ్

అర్ధజీతపు సెలవు కొంత వాడింది, మిగిలింది ఎంతో సర్వీసు రిజిస్టరులో చూడమన్నా. అబ్బాయి సగానికి ఒప్పుకున్నాడు, మిగతా సగం నా పెన్షన్‌లోంచి నేను వేస్తా.

డబ్బు వేద్దామని ప్రాన్ స్టేట్‌మెంట్ తీస్తే వేరే తలనొప్పి బయటపడింది. సెలవుకు రెండేళ్ల ముందు, ఆమె స్కూల్లో పనిచేసిన నెలలే, రెండు ఖాళీగా ఉన్నాయి. జీతంలో కోత మాత్రం పడింది.

బిట్రగుంట పాత గార్డు

పని చేసిన నెలకు ఎవరూ కొనుక్కోనక్కర్లేదు. ఆ రెండు నెలల జీతం బిల్లు వివరాలు, సీపీఎస్ కోత షెడ్యూలు కాపీ జత చేసి డీడీవో (జీతం బిల్లులు పెట్టే అధికారి) ద్వారా ట్రెజరీకి రాయించండి. ఇద్దరి వాటాలూ రావాలి. అర్జీ మీద చేరినట్టు ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.